కొత్త రోడ్డు పడకముందు నుంచీ షుగర్

పోయిన నెల ఫ్రీమాంట్‌లో మా డాక్టర్ ఆఫీస్‌కి వెళ్ళాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే, అక్కడ కూర్చున్న ఏడెనిమిది మందికీ కలిపి, గదంతా వినపడేలా "గుడ్ మార్నింగ్" అన్నాను. ఇద్దరు తలెత్తి చూశారు. ఒక పెద్దాయన, పాపం, తిరిగి చెప్పాడు. మిగతావాళ్ళు ఫోన్లలోకి ఇంకాస్త వంగారు. నాతో వచ్చిన మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"అమ్మా, ప్లీజ్! అందరికీ ఎందుకు చెప్తున్నావ్? వాళ్ళు నీకు తెలీదు కదా. సో ఎంబరాసింగ్."

"గదిలో మనుషులున్నారా లేదా? మనుషులుంటే చెప్పాలి. కుర్చీలకి చెప్పానా?"

తర్వాత లోపల, బీపీ చూసే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని నాకేమైనా జబ్బులున్నాయా అని అడిగింది. "ఐ హ్యావ్ షుగర్" అన్నాను. ఆ పిల్ల వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "యూ మీన్ డయాబెటిస్?" అంది. "అదే. మా వైపు షుగర్ అంటారు, ఇంకో చోట కూడా అంటారు. రెండూ రాసుకో" అన్నాను. మా అమ్మాయి తల పట్టుకుంది. నాకు షుగరని తేలి అప్పటికి నాలుగు నెలలే అయింది. కానీ ఆ మాటని ఇంగ్లీషులో, ఇంకొకరి ముందు, తడుముకోకుండా అనడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అదెందుకో చెప్తాను.

ఆ ఇంకో చోటు కరీబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం. అదో దేశమే, కానీ పొద్దున్నే కారులో బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చుట్టి వచ్చేయవచ్చట. "అట" అని ఎందుకంటున్నానంటే, నేనెప్పుడూ వెళ్ళలేదు. నాకు తెలిసిన ఆ దేశమల్లా ఒక నర్సు గొంతు, ఆ గొంతు వెనకాల కోడికూతలు, రేకుల కప్పు మీద వాన చప్పుడు, ఇంకా కుప్పలు కుప్పలు ఫారాలు. అంతమాత్రానికే కాకినాడ తర్వాత నేను బెంగపెట్టుకునే ఊరు అదే అయి కూర్చుంది.

అప్పట్లో డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసుకోవచ్చన్న అనుమతి నాకు కొత్తగా వచ్చింది. కాకినాడలో జూనియర్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చాక ఆరేళ్ళు ఇంట్లో పోపులు పెట్టుకుంటూ, పిల్లని స్కూల్లో దింపుకుంటూ గడిపాను. అందుకే శాంటా క్లారాలో ఓ చిన్న పరిశోధన ఆఫీసులో పని దొరికినప్పుడు నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. వాళ్ళు ఆ ద్వీపపు ఆరోగ్య శాఖతో కలిసి డయాబెటిస్ మీద ఒక సర్వే చేస్తున్నారు. అక్కడ నర్సులు ఇల్లిల్లూ తిరిగి, మనుషుల్ని అడిగి, ఫారాలు చేత్తో నింపుతారు. వాటిని స్కాన్ చేసి మాకు పంపుతారు. నేను వాటిని చదివి, ఒక్కో జవాబుకీ కోడ్‌బుక్‌లో ఉన్న నంబరు వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పేర్లుండవు, మనిషికో నంబరే.

ఆ ద్వీపంలో గాలి ఎక్కువ కొట్టే వైపు ఒక పల్లె. నా కథంతా ఆ పల్లెదే. అక్కడ చర్చి హాలు వెనక గదిలో, ప్రతి గురువారం పొద్దున, షుగరున్నవాళ్ళ కాళ్ళు చూసే క్లినిక్ ఒకటి నడిచేది. సర్వేతోపాటే దాన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. మొదటి రిపోర్టు రాగానే, జబ్బు ఎక్కువున్న పల్లెల్లో ఆ క్లినిక్కులు ఉంచుతామని, లేని చోట ఎత్తేస్తామని ప్రభుత్వం ముందే చెప్పేసింది. అంటే ఆ గురువారాలు ఉంటాయా పోతాయా అన్నది మా ఫారాల మీదే ఉంది. ఈ సంగతి నాకు మొదటిరోజే తెలుసు.

ఆ క్లినిక్ నడిపే పెద్ద నర్సుతో వారానికోసారి, మంగళవారాలు, ఫోన్లో మాట్లాడటం నా పనిలో భాగం. చేతిరాత అర్థం కాని చోట్ల అడిగి తెలుసుకోవాలి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మాకు మధ్యాహ్నం, వాళ్ళకి సాయంత్రం చీకటి పడే వేళ. ఆవిడ ఫోనెత్తి "గుడ్ నైట్" అంది. ఓహో, పని అయిపోయింది కాబోలు, పెట్టెయ్యమంటోంది అనుకుని నేనూ "గుడ్ నైట్ అండీ" అని పెట్టేశాను. రెండు నిమిషాలకి మళ్ళీ చేశాను. మళ్ళీ "గుడ్ నైట్". మళ్ళీ పెట్టేశాను. మూడోసారి ఆవిడే చేసి, "ఏమ్మా, నేను పలకరిస్తుంటే నువ్వు పారిపోతున్నావేంటి?" అంది. చీకటి పడ్డాక వాళ్ళు ఒకరికొకరు ఎదురైనప్పుడు చెప్పుకునే మాటే అదట! నాకు నవ్వాగలేదు. ఆవిడకి అసలే ఆగలేదు.

రెండో మంగళవారం పొద్దున్నే చేసి, ఫోన్ ఎత్తగానే గబగబా, "నలభై ఒకటో ఫారంలో ఆరో ప్రశ్న దగ్గర ఏం రాశారండీ?" అని అడిగాను. అవతల మౌనం. లైను పోయిందేమో అనుకుని "హలో, హలో" అన్నాను. కాసేపాగి, తాపీగా, "గుడ్ మార్నింగ్" అంది. నాకు చురుక్కుమంది. వాళ్ళ దగ్గర బస్సెక్కినా, కొట్టుకెళ్ళినా, క్లినిక్‌లో అడుగుపెట్టినా, ముందు ఉన్నవాళ్ళందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పనివాళ్ళకి జవాబు చెప్పరు. "మనిషిని చూశానని చెప్పకుండానే ప్రశ్నలు వేస్తే, నువ్వు నిజంగా చూశావని వాళ్ళెలా నమ్ముతారు?" అంది ఆవిడ. ఇదంతా ఇంగ్లీషులోనే నడిచింది గానీ, ఆవిడ నన్ను పిలిచే తీరు మాత్రం నాకు ఎప్పుడూ "అమ్మాయ్" అన్నట్టే వినిపించేది.

ఆ మంగళవారాలు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. పని మాట్లాడుకునేది పది నిమిషాలు, సొంత మాటలు అరగంట. క్లినిక్ ఎలా నడుస్తుందో ఒకసారి పూసగుచ్చినట్టు చెప్పింది. వరసగా ఎనామిల్ బేసిన్లు పెట్టి, మోచేత్తో వేడి చూసుకుని నీళ్ళు పోస్తుంది. కాళ్ళు తుడిచి, అరికాలు వాళ్ళకే కనపడేలా కింద అద్దం పెడుతుంది. తర్వాత కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అక్కడక్కడ తాకిస్తుంది. తగిలినప్పుడల్లా "ఊఁ" అనాలి. అనకపోతే ఆ చోట స్పర్శ పోయినట్టు. అలాంటివాళ్ళకి ముల్లు గుచ్చుకున్నా తెలీదు, పుండు పడ్డా తెలీదు. చివరికి కాలే పోతుంది.

అప్పట్లో మా అత్తయ్యగారు మాతోనే ఉండేవారు. ఆవిడకి ఇరవై ఏళ్ళుగా షుగర్. నేను చేపలు పట్టే సామాన్లమ్మే షాపులో నైలాన్ దారం కొనుక్కొచ్చి ఆవిడ మీద ప్రయోగం మొదలెట్టాను. కళ్ళు మూసుకోమంటే మూసుకుని, నేను తాకకముందే "ఊఁ, ఊఁ, ఊఁ" అంటూ లెక్క అప్పజెప్పేసేవారు.

"అత్తయ్యగారూ, నేనింకా ముట్టుకోనేలేదు."

"ముట్టుకుంటావుగా ఎలాగూ? త్వరగా కానియ్, సీరియల్ టైమైంది."

ఇంట్లో చెప్పులేసుకోమని ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. ఆకుపచ్చ రంగు మెత్తటి చెప్పులు కొనిపెట్టాను. తలుపు దగ్గర రాక్‌లో పెట్టి, "దేవుడి పటాలున్న ఇంట్లో చెప్పులేసుకు తిరగమంటావేంటే, నీకేమైనా మతిపోయిందా" అని వట్టి కాళ్ళతోనే తిరిగేవారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ చెప్పులు ఇంకా ఆ రాక్‌లోనే ఉన్నాయి, తియ్యబుద్ధి కాలేదు.

ఇక ఫారాల సంగతి. ప్రతి ఫారానికీ చివర "ఇతర విషయాలు" అని ఖాళీ గడి ఒకటుంటుంది. మిగతా నర్సులు దాన్ని వదిలేసేవారు. మా పెద్ద నర్సు మాత్రం నిండా రాసేది. "మనిషి నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు రాయాలి, నాకు తెలిసింది కాదు" అనేది ఆవిడ నియమం. ఆ గడులు చదవడానికే నేను రైల్లో ఆఫీసుకి వెళుతూ ఉబలాటపడేదాన్ని. ఎవరికీ తారీకులు గుర్తుండవు అక్కడ. తుఫానుకి ముందు, చిన్నపిల్ల పుట్టాక, చర్చికి రంగులేసినప్పుడు, ఇలాగే చెప్తారు. మా అమ్మమ్మా అంతే, అన్నీ తుఫాను సంవత్సరంతోనే కొలిచేది.

డెబ్భై మూడో నంబరు ఫారం నాకు కంఠతా వచ్చు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, కొండ మీద ఒంటరిగా ఉంటాడు. "మీకు డయాబెటిస్ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?" అన్న ప్రశ్నకి "లేదు" అని టిక్కు. కింద గడిలో, గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది: "షుగర్, కొత్త రోడ్డు పడకముందు నుంచీ. వాకిట్లో వట్టి కాళ్ళతో తిరుగుతాడు. చెప్తే వినడు." వినడు అన్న మాట చదివి అత్తయ్యగారిని తలుచుకుని నవ్వుకున్నాను. నవ్వుకుని, పక్కన కోడ్ నంబరు నాలుగు వేశాను. నాలుగంటే ఆహారపు అలవాట్లు. తీపి ఎక్కువ తింటాడని.

అవును, అలాగే వేశాను. తెలుగుదాన్నై ఉండి! పుట్టిన దగ్గర్నుంచీ "ఆయనకి షుగరు, ఆవిడకి బీపీ" అని వింటూ పెరిగినదాన్ని, పక్క గదిలో షుగరు మనిషిని పెట్టుకుని, ఆ మాట నా కళ్ళెదుట రాసి ఉంటే చక్కెర అనుకున్నాను. ఎందుకో చెప్తే మీకు నవ్వొస్తుంది. నాకిప్పటికీ రాదు.

అంతకు రెండేళ్ళ ముందు అత్తయ్యగారిని మొదటిసారి ఇక్కడి డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఏం సమస్య అని అడిగితే, "షి హ్యాజ్ షుగర్" అన్నాను. ఆ అమ్మాయి పకపకా నవ్వి, "నాకూ ఉంది, వంటింటి అలమారలో" అంది. పక్కనున్న ఇంకో అమ్మాయి కూడా నవ్వింది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, సరదాకే అన్నారు. కానీ నా మొహం మాడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కారులో మావారు, "షుగర్ అనకు, డయాబెటిస్ అను. షుగర్ అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇండియన్ ఇంగ్లీష్ అది" అన్నారు. వెనక సీట్లోంచి అత్తయ్యగారు, "పేరు మారిస్తే తగ్గుతుందేంట్రా?" అన్నారు. నేను మాత్రం ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇంకెప్పుడూ ఆ మాట ఇంగ్లీషులో వాడకూడదని. నా నోటినే కాదు, చెవిని కూడా దిద్దేసుకున్నాను. ఇంగ్లీషులో షుగర్ అంటే చక్కెరే, ఇంకోటి అనుకునేవాళ్ళు చదువురానివాళ్ళు అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను.

అనుమానం రాకపోలేదు. చక్కెర తినడానికి ఏళ్ళు లెక్కపెట్టుకుంటారా ఎవరైనా? "షుగర్, చిన్నపిల్ల పుట్టినప్పటి నుంచీ" అని ఒకావిడ. "షుగర్, వాళ్ళ అమ్మకీ ఉండేది" అని ఇంకొకావిడ. చదివినప్పుడల్లా లోపల ఏదో గుచ్చుకునేది. అడిగితే మళ్ళీ ఎవరైనా నవ్వుతారేమోనని నోరు మూసుకుని నాలుగు, నాలుగు, నాలుగు అని వేసుకుంటూ పోయాను. వారం వారం ఆ నర్సుతో అన్ని కబుర్లు చెప్పుకున్నదాన్ని, ఆ ఒక్క ముక్క అడగలేకపోయాను.

రిపోర్టు వెళ్ళిపోయింది. ఆ పల్లెలో డయాబెటిస్ తక్కువ, తీపి తినే అలవాటు ఎక్కువ అని తేలింది.

కొన్ని వారాల తర్వాత ఒక మంగళవారం. ఆ రోజుల్లో మంగళవారాలు ఇంటి నుంచే పని చేసేదాన్ని. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, స్పీకర్‌లో ఫోన్ చేశాను. గుడ్ మార్నింగులు అయ్యాయి. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"అమ్మాయ్, నా గురువారం తీసేశారు" అంది. "పోయినవారంతో ఆఖరు. ఉత్తరం వచ్చింది. ఇక నన్ను స్కూళ్ళకెళ్ళి మిఠాయిలు తినొద్దని పిల్లలకి చెప్పమన్నారు. పోస్టర్లు కూడా పంపారు. మావాళ్ళు తీపి తెగ తింటారట! ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"ఫారాల్లో ఉందండీ" అన్నాను. "మీరే రాశారు కదా, షుగర్ అని."

"షుగర్ అనే రాశాను. షుగరే ఉంది వాళ్ళకి. మరేం రాయమంటావు?"

సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి అత్తయ్యగారు కేకేశారు. "ఏమే, నా షుగర్ బిళ్ళలు ఎక్కడ పెట్టావే? పొద్దుట్నుంచీ వెతుక్కుంటున్నా!"

ఒక చెవిలో ఆవిడ షుగర్, ఇంకో చెవిలో ఈవిడ షుగర్. రెండూ ఒకటే మాట. నాకు పుట్టుకతో తెలిసిన మాట. నా బుర్ర ఏ గంగలో కలిసిందో అంతకాలం! ఫోన్లో ఆవిడ "వింటున్నావా?" అంటోంది. ఏడుస్తూనే జరిగింది చెప్పాను. నేనే చక్కెర అని రాశానని చెప్పాను. కౌంటర్ దగ్గర నవ్విన అమ్మాయి సంగతి కూడా చెప్పాను, సాకు కోసం కాదు, ఆవిడకి అన్నీ చెప్పడం అప్పటికే అలవాటైపోయి.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. "సరే. ఇప్పుడు ఏం చేస్తావు?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం మావారు రాగానే చెప్పాను. ఆయన కంగారుపడ్డారు. "వెయిట్, వెయిట్. కోడ్‌బుక్‌లో ఆహారం అంటే నాలుగు అని ఉంది కదా? నువ్వు ఫాలో అయ్యావ్ అంతే. నీ మిస్టేక్ అని నువ్వే వెళ్ళి ఎందుకు చెప్పుకుంటావ్? నెక్స్ట్ మంత్ నీ రివ్యూ. ఈ జాబ్ పోతే మళ్ళీ దొరకడం ఈజీ కాదు. వాళ్ళే ఎప్పుడో కనుక్కుంటారులే."

"ఎప్పుడో అంటే ఎప్పుడు? వారం వారం ఒక గురువారం పోతోందక్కడ."

అత్తయ్యగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని అంతా విన్నారు. "ఒరేయ్, కాళ్ళ సంగతిరా అది" అన్నారు కొడుకుతో. "దాన్ని వెళ్ళనీ."

మర్నాడు పొద్దున మా పెద్దావిడ గదికి వెళ్ళాను. సర్వే నడిపే ప్రొఫెసర్ ఆవిడ, కాలిఫోర్నియాలోనే ఉన్న డబ్లిన్ నుంచి రోజూ గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చేది, రాగానే కాఫీ లేనిదే మాట్లాడేది కాదు. నేను కాఫీ కూడా తాగనివ్వలేదు. డెబ్భై మూడో ఫారం బల్ల మీద పెట్టి, "ఇక్కడ షుగర్ అంటే డయాబెటిస్. నేను తప్పు కోడ్ వేశాను. ఇదొక్కటే కాదు" అన్నాను. ఆవిడ చదివింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివింది.

"ఇది మనకెవరికీ తెలీదు" అంది నెమ్మదిగా. "నువ్వొక్కదానివే ఎందుకు నీ మీద వేసుకుంటావు?"

"నాకు తెలుసు" అన్నాను. "మా ఇంట్లో రోజూ అనే మాట ఇది. తెలిసీ వేశాను."

ఆ మాట బయటికి అనగలిగినందుకు కాస్త ఊపిరాడింది. ఆవిడ నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆ రోజు పనులన్నీ పక్కకి నెట్టి, ఇద్దరం కూర్చుని ఆ పల్లె ఫారాలన్నీ మొదట్నుంచీ చదివాం. షుగర్ అన్న చోటల్లా నేను పెద్దగా చదివేదాన్ని, ఆవిడ దిద్దేది. అనుమానమున్న ప్రతి ఫారం గురించీ ఫోన్ చేసి నర్సుని అడిగాం. మా ప్రొఫెసర్ మొదటి ఫోన్లోనే గుడ్ మార్నింగ్ చెప్పకుండా ప్రశ్న వేసింది. అవతల మౌనం. నేను పక్కనుంచి చేత్తో సైగ చేస్తే గబుక్కున చెప్పింది.

సవరించిన రిపోర్టు వెళ్ళింది. కానీ ప్రభుత్వం ప్రభుత్వమే కదా, ఎక్కడైనా. ఒక ఉత్తరం, దానికో జవాబు, ఒక మీటింగ్. ఒక్కో గురువారం వచ్చినప్పుడల్లా నాకు తిండి సయించేది కాదు. చర్చి వెనక గది తాళం వేసి ఉంటుంది, బేసిన్లు బోర్లించి ఉంటాయి అని ఊహించుకునేదాన్ని. నర్సు స్కూళ్ళు ముగించుకుని, ఓపికున్న కొద్దీ ఇళ్ళకి వెళ్ళి చూసి వచ్చేదట. కొండ మీదికి మాత్రం ఆవిడ మోకాళ్ళు ఎక్కనివ్వలేదు. మొత్తం ఆరు గురువారాలు పోయాయి. ఏడోదానికి ఉత్తరం వచ్చింది, క్లినిక్ ఉంటుందని, ప్రయోగంగా కాదు, ఎప్పటికీ అని. ఆ మంగళవారం ఫోన్లో మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు గానీ, ఆవిడ ఏదో చర్చి పాట పాడిందని, నేను పోపు మాడగొట్టానని గుర్తుంది.

పెట్టేసేముందు అడిగాను. "క్లినిక్‌కి వచ్చేవాళ్ళందరికీ చెప్పండి. ప్రభుత్వం తప్పు కాదు, మీ తప్పూ కాదు, కాలిఫోర్నియాలో ఒకమ్మాయి షుగర్ అన్న మాట తెలిసి కూడా తప్పు రాసిందని. క్షమించమందని."

"చెప్తాను" అంది. "నువ్వన్నది అన్నట్టే చెప్తాను."

ఏడాది తిరిగాక రెండో విడత ఫారాలు వచ్చాయి. అదే మనుషుల్ని మళ్ళీ అడిగినవి. ఈసారి ప్రశ్న మారింది, "మీకు షుగర్ ఉందా?" అని. నేను వరసగా చదువుకుంటూ డెబ్భై మూడు దగ్గరికొచ్చాను. పాత స్నేహితుడిని చూసినట్టు సంతోషమేసింది. షుగర్ ఉందా అంటే "ఉంది" అని టిక్కు. కింద గడి నిండా అదే గుండ్రటి చేతిరాత.

"కొత్త రోడ్డు పడకముందు నుంచీ. ఎడమకాలి బొటనవేలు తీసేశారు. గురువారాలు లేని వారాల్లో మేకు దిగింది, తెలియలేదు. కాలిఫోర్నియా అమ్మాయి సంగతి చెప్పాను. నవ్వాడు. ఆ పిల్లకి చెప్పమన్నది: ఇంకా తొమ్మిదున్నాయి, ఈసారి సరిగ్గా రాసుకోమను."

ఒక ఏడాది మంగళవారాలు. ఒక్కసారి కూడా ఆవిడ ఈ విషయం నాతో అనలేదు. ఆయన మాటగా, ఆయన నోటి నుంచి వచ్చినట్టే, రాయవలసిన చోటే రాసింది. నేను లేచి పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి, ఎవరిదో కారుకి ఆనుకుని ఏడ్చాను. తిరిగొచ్చి కోడ్‌బుక్ తెరిచాను. దానికి సరిపడే నంబరు అందులో ఏదీ లేదు. డయాబెటిస్ దగ్గర "ఉంది" అని వేసి, మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా టైప్ చేశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మొహం చూసి అత్తయ్యగారే అడిగారు, ఏమైందే అని. నంబరు చెప్పకుండా, ఊరి పేరు చెప్పకుండా, ఒక బస్సు డ్రైవరు అని మాత్రం చెప్పి, ఆయన పంపిన మాట చెప్పాను. ఆవిడ ముందు నవ్వారు. తర్వాత నవ్వాపేసి, "ఏ వేలన్నావ్?" అని అడిగారు.

"బొటనవేలు."

ఆవిడ సోఫాలో కూర్చునే, చీర కాస్త పైకి లాక్కుని, తన రెండు పాదాలూ ముందుకి చాపి చాలాసేపు చూసుకున్నారు.

"తొమ్మిదున్నాయన్నాడా," అన్నారు చివరికి. "నాకు పదీ ఉన్నాయి. ఆ చెప్పులు ఇలా పడెయ్."